పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి

పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నెల్లూరుకు చెందిన వైద్యుడు, కమ్యూనిస్టు. డాక్టర్ రామ్ అన్న పేరుతో ఈయన ప్రజలకు సుపరిచితుడు. పేదలు భరించగలిగిన ఖర్చులో వైద్యం అందించే ఉద్దేశంతో నెల్లూరులో ప్రజావైద్యశాలను నెలకొల్పాడు. గ్రామాలలో పనిచేయుటకు వైద్య సహాయకులను తయారుచేసినవాడుగా కూడా ప్రసిద్ధి చెందాడు.

కుటుంబ నేపథ్యం

రామచంద్రారెడ్డి నెల్లూరు జిల్లా తీరప్రాంతంలోని అలగానిపాడు గ్రామానికి చెందిన సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. ఈ గ్రామం విడవలూరు మండలంలో ఉన్నది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య (1913 - 1985) ఈయనకు అన్న. సుందరయ్య స్వగ్రామంలో వ్యవసాయ కూలీలను సంఘటితపరచడంతో పాటు, సొంత డబ్బుతో పేదల కొరకు చౌకధరల దుకాణాన్ని, ప్రాథమిక వైద్యశాలను నడిపాడు. రామచంద్రారెడ్డి కూడా అన్న బాటలో ఉద్యమంలోకి వచ్చాడు. వైద్యవిద్య పూర్తిచేసి నెల్లూరును తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నాడు.

ఆనాటి పరిస్థితులు

పెన్నా డెల్టా వరి పండే ప్రాంతం. ఇక్కడి కూలీలకు కూలి చాలావరకు ధాన్యం రూపంలో ముట్టేది. కోతల కాలంలో తప్ప వారి చేతిలో నగదు ఆడేది కాదు. జబ్బు చేసినపుడు వైద్యుని ఫీజు, మందుల ధర, పట్నానికి ప్రయాణం, ఆ రోజు పోయిన కూలి - ఇవన్నీ కలిసి భారమయ్యేవి. అందువలన చికిత్సను వాయిదా వేసేవారు. జబ్బు ముదిరిన తరువాత ఖర్చు మరింత పెరిగి అప్పులపాలయ్యేవారు. డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని భోర్ కమిటీ 1946లోనే సూచించింది. అయితే మూడు, నాలుగేళ్ళ లైసెన్షియేట్ వైద్య కోర్సులు ఆ తరువాత క్రమంగా రద్దయ్యాయి. పట్టా పొందిన వైద్యులు ఎక్కువగా పట్టణాలలోనే స్థిరపడ్డారు.

ప్రజావైద్యశాల

రోగి ఎంత ఇవ్వగలడన్న దానిని బట్టి కాక, అతనికి ఏ చికిత్స అవసరమన్న దానిని బట్టి వైద్యం జరగాలన్నది ఈ వైద్యశాల ఆశయం. ఫీజు తక్కువగా ఉంచడం వలన రోగులు జబ్బు తొలిదశలోనే వచ్చే వీలు కలిగింది. చుట్టుపక్కల గ్రామాల కూలీలు, చిన్న రైతులు దీనిని ఆశ్రయించారు. రామచంద్రారెడ్డితో పాటు డాక్టర్ జెట్టి శేషారెడ్డి మొదలైనవారు ఇందులో పనిచేసి, తరువాతి కాలంలో దీనిని ముందుకు నడిపారు.

గ్రామీణ వైద్యుల శిక్షణ

తక్కువ ఫీజు ఉన్నా, దూరపు గ్రామాలవారికి నెల్లూరు రావడమే ఖర్చుతో కూడిన పని. దీనికి పరిష్కారంగా యువకులకు, ముఖ్యంగా ఉద్యమ కార్యకర్తలకు, వైద్యశాలలో శిక్షణ ఇచ్చి గ్రామాలకు పంపే పద్ధతిని రామచంద్రారెడ్డి అనుసరించాడు. సాధారణ జబ్బులకు చికిత్స చేయడం, ప్రమాదకరమైన వాటిని గుర్తించి పెద్ద వైద్యశాలకు పంపడం వీరి పని. వీరు ఆంధ్ర ప్రాంతంలోని అనేక గ్రామాలలో స్థిరపడ్డారు.

పట్టా లేనివారు వైద్యం చేయడాన్ని వైద్యుల సంఘాలు వ్యతిరేకిస్తూ వచ్చాయి. అర్హత లేని చేతులలో ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్ దుర్వినియోగం అవుతాయన్నది వారి అభ్యంతరం. రోగి ఇచ్చే డబ్బే జీవనాధారమైనపుడు అనవసరమైన మందులు వాడే ప్రమాదం గ్రామీణ వైద్యునికే కాక పట్టా ఉన్న వైద్యునికి కూడా ఉంటుంది. మరోవైపు, అందుబాటులో వేరే వైద్యుడు లేని గ్రామాలలో ప్రజలు వీరిపైననే ఆధారపడ్డారు.

తరువాతి కాలం

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైనది. పేదల పెద్ద చికిత్సల ఖర్చును ప్రభుత్వం భరించడం దీని ముఖ్యాంశం. అయినా ఆసుపత్రిలో చేరనవసరం లేని జబ్బులకు, రోజువారీ మందులకు చాలామంది సొంత డబ్బే ఖర్చు చేయవలసి వచ్చింది. రామచంద్రారెడ్డి ఎంచుకున్నది ఇటువంటి సామాన్య వైద్యాన్నే. ఈయన పేరు మీదుగా నెల్లూరులోని వైద్యశాల డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాలగా పేరొందింది. కోవిడ్ కాలంలో ఇక్కడ రోగుల కొరకు ఐసోలేషన్ కేంద్రాన్ని నిర్వహించారు.