దర్శనం దాచుకోని ద్రష్ట

గోష్ఠీపూర్ణుల వద్దకు పద్దెనిమిది మార్లు నడిచి పొందిన తిరుమంత్రాన్ని శ్రీరామానుజులు గోపురమెక్కి అందరికీ వినిపించారన్న గాథ మనకు సుపరిచితం. పవిత్రమైనదాన్ని దాచాలా, పంచాలా అన్న ధర్మసందేహం మన సంప్రదాయానికే పరిమితం కాదు. అమెరికా ఆదివాసులైన లకోటా ప్రజలలో జన్మించిన బ్లాక్ ఎల్క్ జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆయన 1863లో జన్మించారు. లకోటా భాషలో ఆయన పేరు హెహాకా సాపా, అంటే నల్లదుప్పి. తండ్రి రోగాలను మాన్పే పవిత్ర పురుషుడు. లోకం షామన్లని పిలిచేది ఇటువంటివారినే. తొమ్మిదవ ఏట నల్లదుప్పి జబ్బుపడి, పన్నెండు రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆ స్థితిలో నాలుగు దిక్కులకూ, నింగికీ, నేలకూ ప్రతీకలైన ఆరుగురు తాతలు ఆయనకు సాక్షాత్కరించారు. తన జాతి ఒక పవిత్ర వలయంగా, దాని నడుమ ఒక పూలచెట్టు జీవవృక్షంగా కనిపించాయి.

ఆ దర్శనాన్ని బాలుడు ఎవరికీ చెప్పలేదు. ఏళ్లు గడిచేకొద్దీ లోపల భయం పెరిగింది. ఉరుము వినిపిస్తే తనను ఎవరో పిలుస్తున్నట్లు వణికిపోయేవాడు. పదిహేడవ ఏట ఒక పెద్దకు విషయం విన్నవించాడు. ప్రజల కోసం లభించిన దర్శనాన్ని ప్రజల ఎదుట ప్రదర్శించి తీరాలని ఆ పెద్ద నిర్దేశించాడు. 1881లో అశ్వనృత్యంగా దాన్ని ఊరంతటి ఎదుట ఆచరించిన పిమ్మటే నల్లదుప్పికి వైద్యశక్తి సిద్ధించింది. దర్శనం ద్రష్ట సొత్తు కాదన్నది ఆయన నేర్చిన తొలి పాఠం.

అవి ఆ జాతికి చీకటిరోజులు. 1883లో అమెరికా ప్రభుత్వం సూర్యనృత్యాన్నీ, పవిత్ర పురుషుల క్రతువులనూ నేరాలుగా ప్రకటించింది. శ్వేతజాతీయుల తీరు తెలుసుకోవాలని ఆయన 1886లో ఒక ప్రదర్శన బృందంలో చేరారు. 1887లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ఎదుట నర్తించి, 1889లో స్వస్థలం చేరారు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద సైన్యం జరిపిన మారణకాండలో స్త్రీలు, పసిపిల్లలతో సహా తనవారెందరో నేలకొరిగారు. 1904లో ఆయన క్యాథలిక్ మతం స్వీకరించి, చాలాకాలం మతబోధకుడిగా పనిచేశారు. అయినా బాల్యంనాటి దర్శనం ఆయన హృదయంలో ఆరలేదు.

1930లో జాన్ నైహార్ట్ అనే శ్వేతజాతి కవి ఆయన గుడిసెకు వచ్చాడు. చూపు మందగించిన ఆ వృద్ధుడు వెంటనే ఏమీ విప్పి చెప్పలేదు. తరువాతి వసంతంలో రమ్మన్నారు. 1931 మే నెలలో కవి తిరిగి వచ్చినప్పుడు ముందుగా అతణ్ణి కుమారుడిగా స్వీకరించి, నామకరణం చేశారు. తోటి వృద్ధులు పక్కన కూర్చుని తమ జ్ఞాపకాలు కలిపారు. కన్నకొడుకు బెన్ ఆయన మాటలను ఆంగ్లంలోకి మార్చాడు. దర్శనాన్ని చెప్పేస్తే తనలోని శక్తి తరలిపోతుందని ఆ వృద్ధుడు ఎరుగును. ఎరిగే ఇచ్చారు. తనతోపాటే అది మట్టిలో కలిసిపోవడం ఆయనకు సమ్మతం కాలేదు.

1932లో గ్రంథం వెలువడింది. మతగురువులు కలవరపడగా, 1934లో తన క్రైస్తవ విశ్వాసాన్ని ఆయన మళ్లీ ప్రకటించవలసి వచ్చింది. అయినా 1947లో జోసెఫ్ బ్రౌన్ అనే యువకుడు వచ్చి తమ ఇంట ఉండగా, అతనికి ఏడు పవిత్ర క్రతువుల వివరాలు చెప్పారు. ఆ గ్రంథం 1953లో అచ్చయ్యేనాటికి ఆయన లేరు. 1950 ఆగస్టు 19న కన్నుమూశారు.

ఆదివాసుల మతస్వేచ్ఛకు చట్టరక్షణ 1978లో గానీ లభించలేదు. ఈలోగా ఆ క్రతువులను అంగడిసరుకు చేసినవారు బయలుదేరారు. 1993లో లకోటా పెద్దలు వారిపై యుద్ధప్రకటనే చేశారు. 2009లో అరిజోనాలో ఒక వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకుడు వేల డాలర్ల రుసుము తీసుకుని, ఆదివాసుల స్వేదక్రతువును అనుకరించి జరిపిన కార్యక్రమంలో ముగ్గురు మరణించారు.

అలాగైతే నల్లదుప్పి చెప్పడమే తప్పా? కాదనిపిస్తుంది. ఆయన పరాయివాడికి అమ్మలేదు, పరాయివాణ్ణి కొడుకును చేసుకుని అప్పగించారు. విన్నవారు కూడా అడగకుండా లాక్కోలేదు, పాదాల చెంత కూర్చుని ఓపికగా అందుకున్నారు. వినడానికి అనుమతి లభించినంత మాత్రాన క్రతువు జరిపించే అధికారం రాదు. అచ్చుపుస్తకంలో మంత్రం చదివినవాడు దీక్షాపరుడు కానట్టే ఇదీను. గీతాబోధ ముగింపులో శ్రీకృష్ణుడు సైతం దాన్ని ఎవరికి చెప్పరాదో హెచ్చరించి, భక్తులకు చెప్పడం తనకు అత్యంత ప్రియమన్నాడు.

ఆనాడు ఆయన కవితో కలిసి ఒక కొండశిఖరం ఎక్కి, ఎండిన జీవవృక్షం తిరిగి చిగురించాలని కన్నీటితో ప్రార్థించారు. 2016లో ఆ శిఖరానికి ఆయన పేరే పెట్టారు. ఇచ్చేవారిలో అంతటి త్యాగం, పుచ్చుకునేవారిలో పుత్రభావం ఉన్నప్పుడే పవిత్రవిద్య చేతులు మారినా మైలపడదు.