మాల్దీవులలో ఇబ్న్ బతూతా

క్రీ.శ. 1304లో మొరాకో దేశపు టాంజియర్ పట్టణంలో జన్మించిన ఇబ్న్ బతూతా 1325లో హజ్ యాత్రకై ఇల్లు విడిచాడు. స్వదేశానికి తిరిగి చేరేసరికి ఇరవైనాలుగేళ్లు గడిచాయి. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఆయన ఖాజీగా పనిచేసిన సంగతి విద్యార్థులకు విదితమే. మాల్దీవులలో గడిపిన జీవితాన్ని ఎరిగినవారు మాత్రం తక్కువ.

సుల్తాను రాయబారిగా చైనాకు బయలుదేరగా, కాలికట్ రేవులో తుఫానుకు ఓడలు ధ్వంసమైనాయి. సుల్తాను ఆగ్రహానికి వెరచి ఢిల్లీకి మరలక, 1343లో ఆయన ఈ దీవులను చేరాడు.

అవి పగడపు జీవులు తమ సున్నపు గూళ్లతో వేల ఏండ్లుగా నిర్మించిన వలయాలు. లోపల నిశ్చలమైన పచ్చని జలం. వెలుపల అగాధమైన నీలసముద్రం. వలయానికి ద్వారం వంటి సందు ఉంటుంది. దారి తెలిసిన స్థానికుడు తోడులేనిదే ఓడ లోనికి పోజాలదని ఆయన గ్రహించాడు. ఇనుప మేకులతో బిగించిన ఓడ ఆ రాళ్లకు తగిలితే బద్దలవుతుందనీ, కొబ్బరి తాళ్లతో కుట్టినది తట్టుకుంటుందనీ తన యాత్రాగ్రంథంలో వ్రాయించాడు.

గవ్వలను గూర్చిన వర్ణన మరింత ఆసక్తికరం. సముద్రంలో ఏరిన ప్రాణులను ఒడ్డున గోతులలో పూడ్చేవారు. మాంసం కుళ్లి పోగా తెల్లని గవ్వ మిగిలేది. నాలుగు లక్షల గవ్వలకు ఒక బంగారు దీనారం. మనం చిల్లిగవ్వ అని తీసిపారవేసే ఆ వస్తువుతోనే ద్వీపవాసులు వంగదేశపు బియ్యం కొనేవారు!

అప్పుడు సింహాసనంపై ఖదీజా అనే రాణి ఉన్నది. ఆమె రాజ్యంలో ఇబ్న్ బతూతా ఖాజీ అయినాడు. మంత్రుల కుటుంబాలతో వియ్యమందాడు. శుక్రవారపు నమాజుకు రానివారిని కొట్టించాడు. స్త్రీలు పైవస్త్రం ధరించాలని ఆజ్ఞాపించాడు గాని, న్యాయస్థానం వెలుపల అది చెల్లలేదు. పలుకుబడి పెరిగినకొద్దీ వజీరుకు అనుమానం పెరిగింది. 1344లో పదవి వదలి వెళ్లిపోయాడు.

అంతటితో ఊరుకొనలేదు. మధురలోని సుల్తానుతో కలసి, తనకు ఆశ్రయమిచ్చిన దీవులపైనే దండయాత్ర తలపెట్టాడు. ఆయనను ఎంత అభిమానించేవారైనా దీనిని మెచ్చుకొనలేరు. సుల్తాను మరణించాడు, తాను జ్వరపడ్డాడు; ఆ యత్నం సాగలేదు.

పిమ్మట మరొకసారి ఆ తీరానికి వచ్చాడు, అక్కడ జన్మించిన తన కుమారుని కోసం. బిడ్డకు సుమారు రెండేళ్లు. వెంట తీసుకొనిపోదామనుకొని, తల్లివద్ద ఉండడమే వానికి మేలని తలచి అప్పగించాడు. కొద్దిదినాలకే వంగదేశానికి ఓడ ఎక్కాడు.