కాగితపు కొంగల సడాకో

సడాకో ససాకి 1943 జనవరి 7వ తేదీన జపాను దేశంలోని హిరోషిమా నగరంలో జన్మించింది. 1945 ఆగస్టు 6న ఆ నగరంపై అణుబాంబు పడిననాటికి ఆమె రెండేండ్ల శిశువు. విస్ఫోట కేంద్రానికి రెండు కిలోమీటర్లలోపే ఇల్లున్నా, ఒంటిపై గాయం లేకుండా బయటపడింది. బడిలో పరుగుపందెములలో మేటి అనిపించుకున్నది. కాని అణుధూళి మరచిపోలేదు. 1955 ఫిబ్రవరిలో రక్తక్యాన్సరుతో రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది.

ఆ ఆగస్టులో నగోయా విద్యార్థులు రోగుల క్షేమం కోరి కాగితపు కొంగలను పంపారు. వేయి కొంగలు మడచినవారి కోరిక ఫలిస్తుందని జపానీయుల విశ్వాసం. సడాకో తానూ పూనుకున్నది. అయితే కాగితమేది? కొంగ మడవడానికి కాగితం చదరంగా, పలుచగా ఉండి మడతను నిలుపుకోవాలి. ఈ గుణాలు అంగడిలోని రంగు కాగితాలకే పరిమితం కావని ఆ బాలిక గ్రహించింది. మందుల పొట్లాలను సాపుచేసి దాచుకున్నది. తోటి రోగుల గదులకు వెళ్లి, కానుకలకు చుట్టిన కాగితాలను అడిగి తెచ్చుకున్నది. తునకలు మరీ చిన్నవైనప్పుడు సూదిమొనతో మడతలు తీర్చింది.

1955 అక్టోబరు 25న, పన్నెండేండ్ల వయసులో ఆమె కన్నుమూసింది. సహాధ్యాయుల ఉద్యమ ఫలితంగా 1958 మే 5న హిరోషిమాలో బాలల శాంతి స్మారకం వెలసింది. ఆమె మడచిన చిన్ని కొంగలు అక్కడి శాంతి స్మారక ప్రదర్శనశాలలో నేటికీ ఉన్నాయి.

కోరిక తీరలేదు, కృషి నిలిచింది. సాధనాలు లేవని విద్యను వాయిదావేసే మనకు ఆ మందు పొట్లమే గురువు.