హైదరాబాదు బౌలర్ గులాం అహ్మద్

సాయంత్రం హాస్టల్ వెనుక ఆటకు దిగితే అందరం బ్యాటే అడుగుతాం. బంతి వేయమంటే ముఖం తిప్పుకుంటాం. అందుకే బంతితోనే పేరు తెచ్చుకున్న మన హైదరాబాదీ గులాం అహ్మద్ గురించి తమ్ముళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆయన 1922 జూలై 4న హైదరాబాదులో పుట్టారు. ఆఫ్ స్పిన్ బౌలర్. 1939-40లో ఆడిన తొలి రంజీ మ్యాచ్‌లోనే మద్రాసుపై 9 వికెట్లు తీశారు. అయినా టెస్టు జట్టులో చోటు కోసం తొమ్మిదేళ్లు ఆగవలసి వచ్చింది. అది 1948 డిసెంబరు 31న కలకత్తాలో దక్కింది.

1950-51 రంజీలో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 555 బంతులు వేశారు. దక్కినవి 4 వికెట్లే! 1952లో మద్రాసులో భారత్ తన మొట్టమొదటి టెస్టు విజయం సాధించినప్పుడు ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు ఆయనవే. అదే ఏడాది ఢిల్లీలో పాకిస్తాన్‌పై చివరి బ్యాట్స్‌మన్‌గా దిగి 50 పరుగులు చేశారు. అధికారితో కలిసి చేర్చిన 109 పరుగుల రికార్డు 2004 దాకా నిలిచింది.

1956లో కలకత్తాలోనే ఆస్ట్రేలియాపై 10 వికెట్లు తీశారు. 1958-59లో కెప్టెన్‌గా వెస్టిండీస్ చేతిలో రెండు టెస్టులూ ఓడారు. రెండోది మళ్లీ కలకత్తాలోనే. అదే ఆయన ఆఖరి టెస్టు. మొత్తం 22 టెస్టులు, 68 వికెట్లు.

ఓటమితో తప్పుకున్నా ఆటను విడువలేదు. 1983లో ప్రపంచకప్ గెలిచిన జట్టును ఎంపిక చేసిన కమిటీకి అధ్యక్షులు ఆయనే. 1998 అక్టోబరు 28న కన్నుమూశారు.

తమ్ముళ్లూ, గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతూ ఫలితం రాలేదని దిగులుపడినప్పుడు ఆ 555 బంతులను గుర్తు చేసుకోండి. నేనూ అదే చేస్తున్నాను.