రోము ఉత్సవంలో గేటే

1786 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవారుజామున జర్మను మహాకవి గేటే కార్ల్స్‌బాద్ పట్టణం నుండి, మిత్రులకైనా చెప్పకుండా, ఇటలీ దారి పట్టాడు. అప్పటికాయన వయస్సు 37 ఏండ్లు. కవిగా ఆయన కీర్తి యూరప్ అంతటా వ్యాపించింది. వైమార్ సంస్థానంలో మంత్రి పదవి ఉన్నది. అయితే గనులు, రహదారులు, సైనిక వ్యవహారాల నడుమ పదేండ్లు గడిచేసరికి ఆయనలోని కవితాధార సన్నగిల్లింది. ప్రారంభించిన నాటకాలు అసంపూర్ణంగా మిగిలిపోయాయి.

రోము ఆయనకు చిన్ననాటి కల. 1740లో ఇటలీ చూసి వచ్చిన తండ్రి, ఫ్రాంక్‌ఫర్టులోని తమ ఇంటి గోడలకు రోము చిత్రాలు వ్రేలాడగట్టాడు. వాటిని చూస్తూ పెరిగిన కుమారుడు అక్టోబరు చివర ఆ నగరం చేరి, మోలర్ అనే మారుపేరుతో, కోర్సో వీధిలో టిష్‌బైన్ అనే చిత్రకారునితో కలిసి నివసించాడు.

రోము నగరపు మహోత్సవమైన కార్నివాల్ జరిగేది ఆ వీధిలోనే. క్రైస్తవుల నలుబది దినాల ఉపవాసకాలానికి ముందు, మైలు పొడవున్న ఆ ఇరుకు వీధి జనంతో క్రిక్కిరిసిపోయేది. పురుషులు స్త్రీవేషాలు, స్త్రీలు పురుషవేషాలు ధరించేవారు. సామాన్యుడు న్యాయవాది వేషంలో దారినపోయేవారిపై నేరాలు మోపేవాడు. సుద్ద ఉండలు వానవలె కురిసేవి. సాయంకాలం రౌతులు లేని గుర్రాలు ఆ జనం మధ్యనుండే పరుగుపందెం తీసేవి.

1787లో గేటేకు ఈ కోలాహలం రుచించలేదు. ప్రాచీన శిల్పాల నిశ్శబ్దాన్ని కోరి వచ్చినవానికి అది అర్థంలేని సందడిగా తోచింది. పరదేశికి ఆ వేడుకలో పాలు లేదు. ఉపవాసకాలం ప్రారంభమైన మరునాడు, ఫిబ్రవరి 22న, ఆయన నేపుల్స్‌కు ప్రయాణమయ్యాడు.

సిసిలీ కూడా చూసి జూన్‌లో తిరిగి వచ్చాడు. చిత్రకారుల సాంగత్యంలో రోము ఆయనకు ఇల్లయింది. ఏండ్లుగా సాగుతున్న ఎగ్మాంట్ నాటకం అక్కడే పూర్తయింది. 1788లో మళ్ళీ ఉత్సవం వచ్చింది. వీధి అదే, సందడి అదే. చూచే కన్ను మారింది. మొక్కల ఆకులను పరిశీలించిన ఓర్పుతోనే ఇప్పుడాయన జనసమూహాన్ని పరిశీలించాడు. అదే ఇంటిలో ఉన్న గెయోర్గ్ షుట్జ్ అనే చిత్రకారుని చేత వేషాలన్నిటినీ గీయించాడు. ఈ పండుగ ఏ ప్రభువూ ప్రజలకు ప్రసాదించినది కాదనీ, ప్రజలు తమకు తామే ఇచ్చుకున్నదనీ గ్రహించాడు.

చివరి రాత్రి ప్రతివాని చేతిలోను ఒక కొవ్వొత్తి వెలిగేది. ఒకరి దీపాన్ని ఒకరు ఆర్పడమే ఆట. కన్నకొడుకే తండ్రి దీపాన్ని ఊది, చావుకేక పెట్టేవాడు. ఆనాడు అది తప్పు కాదు. మరునాడు విభూతి బుధవారం. ఆ కిటకిటలో ఆయనకు మానవజీవితమే కనిపించింది: స్వేచ్ఛాసమానత్వాలు ఉన్మాదపు మైకంలోనే అనుభవానికి వస్తాయనీ, బ్రతుకు కూడా ఆ వీధివలెనే ఇరుకైనదీ క్షణికమైనదీ అనీ ఆయన తలచాడు.

1788 జూన్‌లో వైమార్ చేరేసరికి పాత మిత్రులు దూరమయ్యారు. స్వదేశమే పరదేశమైన ఆ దినాలలో కార్నివాల్ వర్ణన గ్రంథరూపం దాల్చింది. 20 రంగుల చిత్రాలతో అది 1789 వసంతంలో వెలువడింది. కొద్ది నెలలకే పారిస్‌లో బాస్టీల్ కోట కూలింది. వీధిలోని జనం ఈమారు వేషాలు వేసుకోలేదు.

1829లో, తన 80వ ఏట, గేటే ఆ వర్ణనను ఇటలీ యాత్రాగ్రంథంలో చేర్చాడు. 1832లో కన్నుమూశాడు. కోర్సోలో గుర్రాల పరుగు 19వ శతాబ్దిలోనే ఆగిపోయింది. ఆయన నివసించిన ఇల్లు మాత్రం నేడు ఆయన పేరనే ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది.