చదువుకు చెల్లించిన మూల్యం – యల్లాప్రగడ సుబ్బారావు

ఉన్నత పాఠశాల విద్య ముగిసిన నాడు ప్రతి విద్యార్థి ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. ఏమి చదవాలన్నది మొదటిది. ఆ చదువుకు కావలసిన ధనం ఎక్కడి నుండి వస్తుందన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం విద్యార్థి మనస్సులోనే దొరకవచ్చు. రెండవదాని సమాధానం మాత్రం తరచుగా ఇతరుల చేతులలో ఉంటుంది. ప్రపంచ వైద్యశాస్త్ర చరిత్రలో చిరస్మరణీయులైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఈ రెండు ప్రశ్నల మధ్యనే రూపుదిద్దుకొన్నది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఆ దంపతుల సంతానం ఏడుగురు. తండ్రి అనారోగ్య కారణంగా ప్రభుత్వోద్యోగాన్ని గడువుకు ముందే విడిచిపెట్టవలసి వచ్చింది. దానితో పెద్ద కుటుంబానికి ఆదాయం సన్నగిల్లింది. ఇంటి ఇబ్బందులు చూసిన సుబ్బారావు పదమూడేళ్ళ ప్రాయంలో ధనం సంపాదించాలన్న తలంపుతో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సొమ్ము కూడబెట్టాలన్నది ఆ బాలుని ఊహ. ఇంటివారు ఆయనను వెనుకకు తీసుకొనివచ్చి తిరిగి బడికి పంపారు.

రాజమండ్రిలో ఆయన చదువు సాఫీగా సాగలేదు. ఆత్మీయుల మరణాలు ఆయన మనస్సును కలచివేశాయి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు ఉత్తీర్ణులు కాలేకపోయారు. అప్పటికి ఆ ఇంటిలో చదువు మాన్పించడానికి కావలసినన్ని కారణాలున్నాయి. అయినా వెంకమ్మగారు వెనుకాడలేదు. తన బంగారు నగలను అమ్మి కుమారుని మద్రాసుకు పంపారు. అక్కడి హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో కృతార్థులైనారు. 1913లో తండ్రి మరణించారు. కుటుంబ భారమంతా తల్లిపై పడింది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయన మనస్సు ఆధ్యాత్మిక మార్గం వైపు మరలింది. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్న్యసించాలని సంకల్పించారు. నగలమ్మి చదివించిన తల్లి అందుకు సమ్మతించలేదు. అటు సేవాభిలాషను విడువలేక, ఇటు తల్లి మాటను కాదనలేక, రెండింటికీ పొసగే మార్గంగా సుబ్బారావు వైద్యవిద్యను ఎన్నుకొన్నారు. వైద్యుడైనవాడు సన్న్యాసి కాకపోయినా దీనులకు సేవ చేయగలడు. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

వైద్యవిద్య నాడు కూడా సామాన్య కుటుంబాలకు అందని పండే. కళాశాల రుసుము, పుస్తకాల వెల, మద్రాసు బస ఖర్చు, ఇవన్నీ భరించే స్తోమత వెంకమ్మగారికి లేదు. మిత్రులు చేయూతనిచ్చారు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయం చేశారు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది. ఆ విధంగా మామగారి అండ ఆయన చదువుకు ఊతమైంది.

అది స్వాతంత్ర్యోద్యమం ఊపందుకొంటున్న కాలం. విదేశీ వస్తువులను బహిష్కరించవలసిందిగా గాంధీజీ ఇచ్చిన పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు దుస్తులే ధరించారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి అది ఆగ్రహం కలిగించింది. వ్రాతపరీక్షలలో చక్కగా రాణించినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. అంతకన్న తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే చేతికి వచ్చింది. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు. చివరకు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు.

ఆయన సోదరులు ఇరువురు స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి వాతపడి కొద్ది రోజుల తేడాతోనే కన్నుమూశారు. నాటి వైద్యానికి ఆ వ్యాధి మూలం అంతుపట్టలేదు. తెలిసిన చికిత్స చేసే వైద్యులు అనేకులున్నారు; తెలియని చికిత్సను కనుగొనేవారు కావాలి. ఈ భావన సుబ్బారావును పరిశోధన వైపు నడిపించింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధులను గురించి అధ్యయనం చేయాలని ఆయన నిశ్చయించుకొన్నారు.

ప్రవేశం లభించినా ఉపకార వేతనం లభించలేదు. సముద్ర ప్రయాణానికీ, విదేశంలో జీవనానికీ కావలసిన ధనం మరల ఇతరుల నుండే రావలసి వచ్చింది. రంగూన్‌లో వ్యాపారం చేసి సంపదను గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు వినియోగించే ఏర్పాటు చేసి వెళ్ళారు. ఆయన పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సుబ్బారావుకు సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగిలిన సొమ్మును మామగారు సమకూర్చారు. భార్యను పుట్టినింట విడిచి ఆయన ఓడ ఎక్కారు.

బోస్టన్ నగరంలో దిగేనాటికి ఆయన వద్ద మిగిలిన సొమ్ము స్వల్పం. భారతదేశంలో పొందిన వైద్యపత్రానికి అక్కడ తగిన విలువ లేదు. అందువలన వైద్యునిగా వేతనం పొందే అవకాశం లేకపోయింది. పగలు తరగతులకు హాజరవుతూ, రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగులకు ఊడిగం చేసే చిన్న కొలువు చేశారు. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచడం ఆ పనిలో భాగం. వైద్యపట్టా కోసం ఏళ్ళ తరబడి శ్రమించినవాడు ఆ పనికి సిగ్గుపడలేదు. ఆ కూలితోనే చదువు సాగించి ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా సాధించారు.

తరువాత హార్వర్డ్ జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పరిశోధన ఆరంభించారు. రక్తంలోని, మూత్రంలోని భాస్వరం పరిమాణాన్ని కొలిచే పద్ధతిని వారు 1925లో ప్రకటించారు. అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొందింది. కండరాలలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, జీవకణాలకు శక్తిని అందించే ఏ.టి.పి.నీ వారు వెలికితీశారు. 1930లో సుబ్బారావు పిహెచ్.డి. పట్టా పొందారు. అయినప్పటికీ హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా ఉపకరించింది. బోదకాలు వ్యాధికి నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్ ఆ పరిశోధనాలయం నుండి వచ్చినదే. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నారు. రక్తకాన్సర్‌తో బాధపడే పిల్లలకు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినాప్టెరిన్ కూడా సుబ్బారావు బృందం అందించినదే.

ఇన్ని విజయాల వెనుక ఒక విషాదం ఉన్నది. పరిశోధనలో మునిగిపోయిన సుబ్బారావు మరల స్వదేశానికి రాలేదు. ఆయన ఓడ ఎక్కిన తరువాత పుట్టిన కుమారుడు తండ్రిని చూడకుండానే పసితనంలో మరణించాడు. శేషగిరిగారు భర్త రాకకై నిరీక్షిస్తూనే జీవితం గడిపారు. 1948 ఆగస్టులో, 53 సంవత్సరాల వయస్సులో, సుబ్బారావు పెర్ల్ రివర్‌లో హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

సుబ్బారావు చదువుకైన ఖర్చును రూపాయలలో మాత్రమే లెక్కించలేము. అందులో తల్లి నగలున్నాయి, మామగారి సొమ్మున్నది, ముఖపరిచయం లేని దాత విడిచివెళ్ళిన ఆస్తి ఉన్నది, ఆసుపత్రిలో నిద్ర లేని రాత్రులున్నాయి. అన్నింటికన్న మిన్నగా ఒక ఇల్లాలి ఒంటరితనం ఉన్నది. ధనఋణాన్ని ఆయన మానవాళికి ప్రాణదానం చేసి తీర్చుకొన్నారు. ఆ ఇల్లాలి ఋణం మాత్రం తీరనే లేదు. ఉన్నత విద్యకు దారి వెదకుకొనే విద్యార్థి ఈ జీవితం నుండి పట్టుదలనే కాక, తన చదువుకు మూల్యం చెల్లించేవారెవరో గుర్తెరిగి మెలగడాన్ని కూడా నేర్చుకోవలసి ఉన్నది.