ఉద్యోగుల తీర్పు కోసం మంత్రి పదవి వదిలిన శ్రీ వి.వి.గిరి

వరాహగిరి వేంకటగిరి గారు అనగానే చాలామందికి 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక గుర్తుకు వస్తుంది. జీతం మీద బ్రతికి, పెన్షను మీద కాలక్షేపం చేస్తున్న మనబోటి వారు మాత్రం ఆయనను 1954 నాటి సంఘటనతో గుర్తు పెట్టుకోవాలి.

గిరిగారు 1894 ఆగస్టు 10న, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది. కుమారుడు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు వెళ్ళి, అక్కడి స్వాతంత్ర్య పోరాటం పట్ల ఆకర్షితుడై, 1916లో దేశం విడిచి రావలసి వచ్చింది. స్వదేశంలో కొంతకాలం ప్రాక్టీసు చేసి, సహాయ నిరాకరణ రోజుల్లో దానిని వదిలివేశారు.

తర్వాత ఆయన మనసు రైల్వే కార్మికుల మీదకు మళ్ళింది. పై అధికారి ఎదుట నోరు విప్పితే ఉద్యోగానికే ఎసరు వచ్చే రోజులవి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసి, 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనివారిని తొలగించబూనినప్పుడు వారి పక్షాన నిలిచారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. 1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యమూ, ఉద్యోగులూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. నిర్బంధ తీర్పు వల్ల ఒకరు గెలిచినా, ఇద్దరి మధ్య వైరం మిగిలిపోతుందని ఆయన భావం. దీనికే గిరి విధానమని పేరు వచ్చింది.

బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల వివాదం మాత్రం అప్పటికే ట్రిబ్యునళ్ళ దాకా వెళ్ళింది. 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. ట్రిబ్యునళ్ళ మీద మోజు లేని మనిషే ఆ తీర్పు కోసం నిలబడ్డారు. ఇందులో వింత లేదు. న్యాయస్థానం వంటి సంస్థకు తగవు అప్పగించి, తీర్పు వచ్చాక ప్రభుత్వమే దానిని మార్చితే, రేపు ఏ ఉద్యోగి ఏ తీర్పును నమ్ముతాడు? ఆగస్టులో ఆయన రాజీనామా ఇచ్చి బయటకు వచ్చారు. ప్రభుత్వం కమిషన్‌ను నియమించవలసి వచ్చింది. 1955లో దాని సిఫార్సుల మీద చట్టం చేసి, తీర్పును కొద్ది మార్పులతో పునరుద్ధరించారు.

తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969 నుండి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. కాలం చేసిన చిత్రమేమంటే, 1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగి వేలాది కార్మికులు అరెస్టయినప్పుడు, ఆ ఫెడరేషన్ స్థాపకుడే రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. మంత్రికి రాజీనామా ఒక ఆయుధం. రాష్ట్రపతి మంత్రివర్గం సలహాకు కట్టుబడినవాడు. ఆయన జీవితాన్ని తూచేవారు ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1975లో భారతరత్న అందుకుని, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

కరువు భత్యం బకాయి కోసమో, పే ఫిక్సేషన్ కోసమో అర్జీ పట్టుకుని వెళ్ళే ప్రతి ఉద్యోగికీ ఎదుటివారు కుర్చీ చూపి మాట వినాలన్నదే గిరిగారి బోధ. ఆ మహనీయునికి మన సంఘం తరఫున నమస్సులు.